ఆదివారం చేతులు కట్టుకున్న సారు

మొన్న సోమవారం మార్కాపురం తాలూకాఫీసు ముందర, నా స్టూలు దగ్గరికి గొర్రెలు మేపే ఆయన ఒకడు వచ్చి అర్జీ రాయాలన్నాడు. అడవి అంచున మేపుతుంటే ఫారెస్టు వాళ్ళు మందను తోలుకుపోయి పెట్టుకున్నారట. చెప్పమన్నాను. ఆయన కర్ర పక్కన పెట్టి, రెండు మోకాళ్ళూ మడిచి గొంతుక్కూర్చున్నాడు. అట్ల కూర్చోవడంలో వింతేమీ లేదు. మా వైపు అందరూ అట్లనే కూర్చుంటారు, నేను తప్ప. కానీ పంచె పక్కకు జరిగి కుడి మోకాలి మీద జానెడు మచ్చ కనపడేసరికి నా కలం ఆగింది. పాతికేళ్ళ కిందట ఆ మచ్చ నా పక్క మంచం మీద ఉండేది.

ఆయనా నన్ను గుర్తుపట్టినాడు. మొహం చూసి కాదు, కర్రలాగా చాచి పెట్టుకున్న నా ఎడమ కాలు చూసి. అర్జీ సంగతి మరిచిపోయి కాసేపు వాళ్ళమ్మ ఎట్ల పోయిందో చెప్పినాడు. ఆ మాటల్లోనే అన్నాడు: "కసరత్తు సారు కూడా పోయినాడు కదన్నా. ఈస్టరుకు ముందు. బేస్తవారిపేట పక్కన వాళ్ళూళ్ళోనే మట్టి చేసినారు. మన వార్డులో బతికున్నోళ్ళమంతా పోయొచ్చినాం."

నాకు ఎవరూ చెప్పలేదు. చెప్పకపోవడానికి కారణం ఉంది, అది నాకూ తెలుసు. అయినా చెప్పి ఉండాల్సింది.

సారు పేరు ఇక్కడ రాయను. ఒకసారి ఆ పేరును ఇంటిపేరుతో సహా కాగితం మీద రాసినాను. మళ్ళీ రాయడానికి చేయి రాదు.

అప్పుడు కర్నూలు రాజధాని. మేమూ కర్నూలు జిల్లాలోనే ఉండేవాళ్ళం. నేను పలకల గనిలో పని చేసేవాడిని. నేల మీద కూర్చుని, మోకాలు మడిచి, రాతి దిమ్మను తొడకు ఆనించుకుని, ఉలితో పొరలు పొరలుగా చీల్చాలి. మోకాలు మడవలేని వాడికి అక్కడ పని లేదు. ఎనిమిదో తరగతి దాకా చదివినందువల్ల గనిలో అందరి అర్జీలూ నేనే రాసేవాడిని. మేస్త్రీ మీద రెండు, పోస్టుమాను మీద ఒకటి, పంచాయతీ మీద ఎన్నో. వాటిలో ఒక్కటీ తప్పుడు అర్జీ కాదు.

ఒక వానాకాలం గని గట్టు విరిగి దిమ్మ నా తొడ మీద పడింది. రైలు దారిలో ఉన్న ఒక మిషను ఆసుపత్రిలో చేర్చినారు. మూడు నెలలు కాలికి ఇసుక సంచి బరువు కట్టి పడుకోబెట్టినారు. ఎముక అతికింది గానీ మోకాలు కొయ్యయిపోయింది. అప్పుడు వెనక రేకుల షెడ్డులో ఉన్న కసరత్తు వార్డుకు మార్చినారు. పక్షవాతం వచ్చినవాళ్ళు, చింతచెట్టు మీది నుంచి పడ్డవాళ్ళు, బండి చక్రం కింద పడ్డవాళ్ళు, అన్నీ కలిపి ఇరవై మంచాలు. ఇరవై మందికీ కాళ్ళూ చేతులూ వంచి కసరత్తు చేయించడానికి సారు ఒక్కడే.

పొట్టి మనిషి. మణికట్లు మాత్రం ఎద్దు కాళ్ళలాగా ఉండేవి. కూలి చేసుకునే క్రైస్తవుల ఇంట్లో పుట్టి, మిషను బడిలో చదివి, మద్రాసు వైపు రెండేళ్ళు ఉండి ఈ పని నేర్చుకొచ్చినాడని చెప్పుకునేవాళ్ళు. ఆయన ఎవరి మొహమూ ముందు చూడడు. వార్డులోకి వస్తూనే కాళ్ళు చూస్తాడు, తర్వాతే మనిషిని. డాక్టరమ్మ వచ్చినా ముందు ఆమె చెప్పులకేసి చూసి తర్వాత దండం పెట్టేవాడు. మనల్ని ముట్టుకునే ముందు రెండు అరచేతులూ బాగా రుద్దుకునేవాడు. చలికాలం అయితే చంకల్లో పెట్టుకుని కాసేపు నిలబడేవాడు. చల్లటి చేయి తగిలితే మోకాలు భయపడుతుందనేవాడు.

ఆయన అంకెలు లెక్కపెట్టడు. రైలు స్టేషన్లు లెక్కపెడతాడు. కాలు చాపి ఉంటే దొనకొండ. కొంచెం మడిస్తే మార్కాపురం. తర్వాత తర్లుపాడు, కంభం, గిద్దలూరు, దిగువమెట్ట. మడమ పిర్రకు తగిలితే నంద్యాల. ప్రతి మంచానికీ ఒక పెద్ద పలక వేలాడేది. మనల్ని ఎత్తు బల్ల మీద కూర్చోబెట్టి, పలకను కాలి పక్కన నిలబెట్టి, ఆ రోజు మడమ ఎంతవరకు వెనక్కి పోయిందో అక్కడ సుద్దతో గీత గీస్తాడు. స్టేషన్లకు మాత్రం ముందే మేకుతో గీతలు గీసి పెట్టి ఉండేవి. గిద్దలూరు చేరితే నేల మీద కూర్చుని అన్నం తినొచ్చు. దిగువమెట్ట చేరితే నా ఉలి నా చేతికొస్తుంది. నాకు నంద్యాల అక్కర్లేదు. దిగువమెట్ట చాలు.

మొదటి వారం నా గీత మార్కాపురం దగ్గరే ఆగిపోయింది. "సొంతూరు వచ్చిందని దిగిపోతావా ఏందన్నా? టికెట్టు ముందుకుంది" అన్నాడు. వార్డంతా నవ్వింది. అది నేను రాసి పెట్టుకున్నాను.

మంచి రోజు కూడా ఒకటి ఉంది, న్యాయంగా అది కూడా చెప్పాలి. నా పలక మా గనిదే. దాని మీద వేలితో కొట్టి, లోపల పగులుందని చెప్పినాను. ఎట్ల తెలుసని అడిగినాడు. శబ్దం చెబుతుందని, పొర ఒప్పుకున్న వైపే ఉలి పెట్టాలని, తొందరపడి బలం చూపిస్తే ముక్కలవుతుందని చెప్పినాను. ఆయనా వేలితో కొట్టి, చెవి పెట్టి విన్నాడు. మర్నాడు పక్షవాతం వచ్చిన ఒక పెద్దాయన చేతిని ఆయన కొడుకు మొరటుగా లాగుతుంటే ఆపి, "పలకల అన్న చెప్పినాడు, పొర ఒప్పుకున్న వైపే పోవాల" అన్నాడు. నా మాటను నా పేరు మీదనే చెప్పినాడు. జీవితంలో నా గురించి అట్ల చెప్పినవాళ్ళు తక్కువ. ఆ మాటను నేను ఎక్కడా రాసి పెట్టుకోలేదు.

ఆ షెడ్డులో కసరత్తు బల్లలున్న భాగానికి శుక్రవారం సాయంత్రం తాళం పడితే సోమవారం పొద్దున తీసేవాళ్ళు. శనివారం కడిగి ఆరబెట్టడం, ఆదివారం ఆరాధన. ఆయన శుక్రవారం ప్యాసింజరెక్కి వాళ్ళమ్మ దగ్గరికి పోయేవాడు. ఆ రెండు రోజుల్లో కాళ్ళు మళ్ళీ బిగుసుకునేవి. శుక్రవారం కంభం చేరినవాడు సోమవారం తర్లుపాడు వెనక ఉండేవాడు. సోమవారం పొద్దున ఆ షెడ్డులో అరుపులు బయట రోడ్డు మీదికి వినపడేవి. ఆయనే అనేవాడు, ఈ మోకాళ్ళకు వారాలు తెలియవు, రెండు రోజులు రైలాపితే వెనక్కి దొర్లుతుంది అని.

నేను అర్జీ రాసినాను. డాక్టరమ్మకు ఒకటి, ఆసుపత్రికి గ్రాంటు ఇచ్చే కర్నూలు పై ఆఫీసుకు నకలు. జబ్బుకు ఆదివారం లేనప్పుడు వైద్యానికి ఆదివారం ఏందని రాసినాను. ఆ అర్జీకి ఈ రోజు కూడా కట్టుబడి ఉన్నాను. నెల తిరగకుండానే ఉత్తర్వు వచ్చింది. శనివారం రోజంతా, ఆదివారం ఆరాధన అయినాక, కసరత్తు జరగాలని. రెండో మనిషిని ఇవ్వాలని మాత్రం అందులో లేదు. నేను రాయలేదు, వాళ్ళు ఇవ్వలేదు. ఆయనకు ప్యాసింజరు తప్పిపోయింది. వాళ్ళమ్మను చూడడానికి ఎప్పుడు పోయేవాడో నాకు తెలియదు. నన్ను ఒక్క మాట అనలేదు. శనివారం వచ్చి, చేతులు రుద్దుకుని, దొనకొండ అన్నాడు.

మాట అన్నది వేరే విషయానికి. ఒక శనివారం నొప్పికి తట్టుకోలేక, ఈ రోజు చాలు, చేయనని బల్ల మీద పడుకున్నాను. రెండుసార్లు బతిమాలినాడు. మూడోసారి నడుం మీద చేతులు పెట్టుకుని, "నీ అర్జీ కర్నూలు దాకా పోయొచ్చింది గానీ, నీ కాలు గడప దాకా పోలేదు కదన్నా" అన్నాడు.

ఇరవై మంచాలూ నవ్వినాయి. నోరు వంకరపోయిన ముసలాయన కూడా సగం మూతితో నవ్వినాడు. అన్నం తెచ్చిన నా భార్య కొంగు అడ్డం పెట్టుకుంది. ఆ నవ్వు నా చెవుల్లో ఇప్పటికీ ఉంది. ఆ తర్వాత నొప్పి లేకపోయినా నేను ఆయనతో మాట్లాడలేదు. తప్పు దొరుకుతుందేమోనని చూస్తూ ఉన్నాను.

ఆదివారం దొరికింది. ఆదివారం ప్యాసింజరుకు అందరి ఇళ్ళవాళ్ళూ క్యారియర్లు పట్టుకుని దిగేవాళ్ళు. ఆయన ఆరాధన నుంచి వచ్చి, కిరసనాయిలు డబ్బా బోర్లించి దాని మీద కూర్చుని, తన మోకాలినే వంచి ఒకసారి చూపించేవాడు. అంతే. తర్వాత చేతులు కట్టుకునేవాడు. పని అంతా మా ఇళ్ళవాళ్ళ చేత చేయించేవాడు. నా భార్య నా మడమ కింద ఒక చేయి, మోకాలి మీద ఒక చేయి పెట్టి స్టేషన్లు చదవాలి. గొర్రెలాయన కాలు వాళ్ళమ్మ వంచాలి. ఆమె చేతులు వణికితే కూడా ఈయన లేచేవాడు కాదు. "తొందరొద్దవ్వా, బండి ఇంకా తర్లుపాడు దాటలే" అని కూర్చున్న చోటి నుంచే చెప్పేవాడు. నా భార్య తప్పు పట్టు పడితే, "వదినా, బొటనవేలు పైకి" అనేవాడు. ఆమె నా మొహం చూడకుండా ఆయన మాట వినేది. అది కూడా నాకు నచ్చలేదు.

నాలుగు ఆదివారాలకు ఆమెకు కంభం దాకా చేతులు కుదిరినాయి. గిద్దలూరు నుంచి పట్టు వేరే, మనిషిని బోర్లా పడుకోబెట్టి పట్టాలి, అది వచ్చే ఆదివారం చెబుతానన్నాడు.

ఆ వారమే నేను రెండో అర్జీ రాసినాను. శని ఆదివారాల పనికి ప్రభుత్వమే ఉత్తర్వు ఇచ్చినా, ఫలానా వ్యక్తి ఆదివారం చేతులు కట్టుకుని కూర్చుని, తన పనిని రోగుల బంధువుల చేత చేయిస్తున్నాడని రాసినాను. ఇంటిపేరుతో సహా. ఆ అర్జీలో ఒక్క అబద్ధం లేదు. అంత నిజంగా, అంత అన్యాయంగా నేను ఇంకో కాగితం రాయలేదు.

విచారణకు ఒక ఆఫీసరు వచ్చినాడు. షెడ్డులో కుర్చీ వేసినారు. ఫిర్యాదు చదివి, ఇది నిజమేనా అని సారును అడిగినాడు. ఆయన ఆఫీసరు బూట్ల వైపు చూస్తూ, "నిజమేనండీ, చేయిస్తున్నాను" అన్నాడు. ఎందుకని అడిగితే, "వీళ్ళు ఇంటికి పోయినాక నేనుండను కదండీ" అన్నాడు. ఆఫీసరు మొదటి మాట రాసుకున్నాడు. రెండో మాట రాసుకోలేదు. నేను చూస్తూనే ఉన్నాను. కాగితాల పని తెలిసినవాడిని, అది కూడా రాయండి సార్ అని ఒక్క మాట అనొచ్చు. అనలేదు. గొర్రెలాయన తల్లి ఏదో చెప్పబోతే జవాను ఉండమన్నాడు.

బంధువులు రోగులను ముట్టుకోకూడదని ఉత్తర్వు అయింది. తర్వాత ఆదివారం నుంచి ఆయన ఒక్కడే ఇరవై మంచాలూ తిరిగినాడు. ఒక్కొక్కరికి నాలుగు స్టేషన్లు చదివే లోపల పక్క మంచం వాళ్ళు పిలిచేవాళ్ళు. మా ఇళ్ళవాళ్ళు క్యారియర్లు ఒళ్ళో పెట్టుకుని గోడకు ఆనుకుని చూస్తూ కూర్చునేవాళ్ళు. మూడు వారాలకు నా గడువు అయిపోయింది, మంచం ఖాళీ చేయమన్నారు. నా గీత కంభం దగ్గర ఉంది.

పోయే రోజు ఆయన నా పలక ఊడదీసి నా భార్య చేతికిచ్చినాడు. నేను చంకకర్రలు సర్దుకుంటున్నట్టు పక్కకు తిరిగినాను.

ఇక ఆయన్ను చూసేది లేదనుకున్నాను. ఇంటికొచ్చిన మూడో వారం, ఒక శనివారం మధ్యాహ్నం, బయట సైకిలు ఆగిన చప్పుడయింది. సారు వచ్చినాడని నా భార్య లోపలికి పరిగెత్తుకొచ్చింది, ఆమె మొహం అంత వెలగడం ఆ ఏడాది అదే మొదలు. నేను లేచి, చంకకర్రల మీద నడవ దాటి గడప దాకా పోయినాను. ఆయన అరుగు కింద ఎండలో నిలబడి ఉన్నాడు. చొక్కా తడిసి ఒంటికి అతుక్కుంది. అలవాటు ప్రకారం ముందు నా కాళ్ళు చూసినాడు.

"గడప దాకా వచ్చినావే అన్నా" అన్నాడు.

అది వెక్కిరింత కాదు. ఆ మొహంలో సంతోషం తప్ప ఇంకేమీ లేదు. ఆ సంగతి నాకు అప్పుడే తెలుసు. ఇన్నేళ్ళూ వెక్కిరించినాడనే అందరికీ చెప్పుకుంటూ వచ్చినాను, నా భార్యకు కూడా.

ఎందుకొచ్చినావని అడిగినాను. రెండు ఆదివారాల పని మిగిలిందని, వదినకు గిద్దలూరు పట్టు చూపించి పోతానని, సాయంత్రం లోపల ఇంకో ఊరికి కూడా పోవాలని చెప్పినాడు.

"ఆర్డరు కాగితం తెచ్చినావా?" అన్నాను.

"లేదన్నా. సెలవు పెట్టుకుని వచ్చినా."

"కాగితం లేకుండా నా కాలు ఎవరూ ముట్టుకునే పని లేదు" అన్నాను.

నా భార్య వెనకనే నిలబడి ఉంది. నా చొక్కా వెనక నుంచి పట్టుకుని ఒకసారి గుంజింది. ఆయన తల ఊపినాడు. సైకిలు తిప్పుకుంటూ, పడుకునే ముందు మోకాలికి వేడి నీళ్ళ గుడ్డ వేయమని ఆమెకు చెప్పినాడు, నాకు కాదు. నీళ్ళు అడగలేదు. మేము ఇవ్వలేదు.

ఇంట్లో రోజూ కాలు మడుస్తానని చెప్పి ఆమె వస్తే, సగం చదువు వైద్యం నాకొద్దని చేయి తోసేసినాను. ఆమె మూడు నాలుగు రోజులు అడిగి మానుకుంది. గని పని పోయింది. పలకలకు చట్రాలు బిగించే షెడ్డులో ఆమె కూలికి పోయింది, ఇరవై ఏళ్ళు పోయింది. నేను తాలూకాఫీసు ముందర ఎత్తు స్టూలు వేసుకున్నాను. బంతి భోజనాలకు పిలిస్తే పోను. మా నాయన చనిపోయినప్పుడు పిండం దగ్గర కూర్చోలేక, నిలబడి వంగి పెట్టినాను.

గొర్రెలాయన మొన్న నా ఎదురుగా, మడమల మీద, నంద్యాలలో కూర్చుని ఇదంతా తిరగేసినాడు. బంధువులు ముట్టుకోకూడదన్న ఉత్తర్వు వచ్చినాక సారు సెలవు దొరికిన శనివారాలు సైకిలు మీద ఊరూరూ తిరిగి గొర్రెలాయన తల్లికీ, మిగతా ఇళ్ళవాళ్ళకూ మిగిలిన పట్లన్నీ నేర్పినాడట. అట్ల నాలుగేళ్ళు తిరిగినాడట. చేతులెందుకు కట్టుకుంటావయ్యా అని వాళ్ళమ్మ ఒకసారి అడిగిందట. విడిచిపెడితే ఈ చేతులు సాయానికి పరిగెత్తుతాయి అవ్వా, నేను పట్టుకుంటే నీ చేతికి ఎప్పుడొస్తుంది, అన్నాడట.

తర్వాత నా కాలు వైపు చూసి, ఏ దురుద్దేశమూ లేకుండా, "మీ ఇంటికి రాలేదా అన్నా? అందరి ఇళ్ళకూ వచ్చినాడే" అన్నాడు.

"వచ్చినాడు" అన్నాను. ఇంకేమీ అడగకుండా ఆయన ఫారెస్టు వాళ్ళ సంగతిలోకి పోయినాడు. ఆయన మంద కోసం నాకు చేతనైనంత గట్టిగా అర్జీ రాసినాను. డబ్బులు తీసుకోలేదు.

ఇంటికి పోయి నా భార్యతో, సారు పోయినాడంట అన్నాను. ఏ సారు అని అడగలేదు. పొయ్యి మీది గిన్నె దించింది. వేడి నీళ్ళలో గుడ్డ ముంచి పిండింది. నేను కుర్చీలో ఉన్నాను. వచ్చి నా కాళ్ళ దగ్గర కూర్చుని, ఆ గుడ్డ మోకాలి మీద వేసి, తన రెండు అరచేతులూ రుద్దుకుంది. ఆమెకు అరవై దగ్గర పడుతున్నాయి. పాతికేళ్ళుగా పట్టని పట్టు. అయినా ఒక చేయి మడమ కిందికి, ఒకటి మోకాలి మీదికి, వెతుక్కోకుండా పోయినాయి. బొటనవేలు పైకి ఉంది. ఈసారి నేను చేయి తోయలేదు.

వంగినంత మేర మెల్లగా వెనక్కి వంచుతూ, పెదవులు కదిలిస్తూ లోపల్లోపలే చదివింది. దొనకొండ. మార్కాపురం. తర్లుపాడు. కంభం.

ఆగింది. మడమ చేతిలోనే పట్టుకుని, ముందుకూ పోక, విడవకా, అట్లనే ఉండిపోయింది.

"ఇంతవరకే నేర్పినాడు" అంది.